మూడు చుట్ల మెట్టెలు

కరెంటు నాకు కొత్త కాదు. జంషెడ్‌పూర్‌లో కాంట్రాక్టర్ల కింద పద్దెనిమిదేళ్ళుగా తీగలు కలిపి బతుకుతున్నవాణ్ణి. అందుకే గోల్‌మురిలో మా అద్దింటి వంటగదిలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, గాజుగ్లాసులో రెండు వెండి తీగలు దించి బ్యాటరీలు తగిలించడం నాకేమంత పెద్ద పని అనిపించలేదు. ఫోనులో ఎవడో చూపించాడు. డిస్టిల్డ్ వాటరు, తొమ్మిది వోల్టుల బ్యాటరీలు మూడు, వెండి ఉంటే చాలట. ఆ నీళ్ళు తాగితే ఊపిరితిత్తుల్లో ఏ పురుగూ బతకదట. నమ్మాను. మునిగేవాడికి గడ్డిపోచ కూడా దుంగే.

మునుగుతున్నది నా కూతురు రోహిణి. ఎనిమిదేళ్ళది. డాక్టరు మందులు వాడుతున్నా దగ్గు తగ్గడం లేదు. సరిగ్గా ఇలాంటి దగ్గుతోనే నాలుగు నెలల కిందట వాళ్ళమ్మ ఉమ పోయింది. నాకప్పుడు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టు ఉంటుంది, అంతే.

"ఎండి ఎక్కడిదిరా?" అంది మా అమ్మ పోలమ్మ, గుమ్మంలో నిలబడి.

"సాక్చీ బజార్లో కొన్నానమ్మా."

అబద్ధం. అవి ఉమ మెట్టెలు. పెళ్ళికి టెక్కలిలో చేయించిన మూడు చుట్ల మెట్టెలు. ముత్తయిదువగా పోయిన మనిషి కాళ్ళవి తియ్యకూడదనీ, వాటితోనే సాగనంపాలనీ ఘాట్‌కి బయల్దేరే ముందు అమ్మ నాకు రెండుసార్లు చెప్పింది. అక్కడ అందరూ కట్టెలు పేరుస్తుంటే నేను తీశాను. ఏదో ఒకటి నా దగ్గర మిగలాలనిపించింది. వేళ్ళు వాచిపోయి ఉన్నాయి, గట్టిగా తిప్పాల్సి వచ్చింది. తిప్పుతూ తిప్పుతూ, "నొప్పా?" అని గొణిగాను. పోయిన మనిషిని! పక్కన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ఆ చుట్లే ఇప్పుడు సాగదీసి తీగలు చేశాను.

రోజూ పొద్దున్నే రెండు చెంచాలు పట్టాను. మూడో రోజుకి దగ్గు తగ్గింది. ఐదో రోజుకి పూర్తిగా ఆగిపోయింది.

"ఔర్ దో, పాపా," అనేది రోహిణి, ఇంకా కావాలని. తెలుగులో అడిగినా హిందీలోనే జవాబిచ్చే పిల్ల. ఈ పిల్ల నోట ఎప్పుడు తెలుగు వింటానోనని అమ్మ సణుక్కుంటూ ఉంటుంది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. ఇక చాలనుకుని మధ్యాహ్నం బ్యాటరీలు ఊడదీశాను. తీగలు పైకి తీయబోతే, కరెంటు పారేటప్పుడు వచ్చే పొగ నీళ్ళలో ఇంకా ఉంది. తీగల నుంచి సన్నగా, తెల్లగా కిందికి జారుతోంది. కరెంటు లేదు... అయినా జారుతోంది.

వీడియోలోవాడు చెప్పినట్టు కిటికీ మూసి, తలుపేసి, రోహిణి ఆడుకునే లేజరు లైటు గ్లాసులోకి వేశాను. నీళ్ళలో వెండి ఉంటే ఎర్రటి గీత కనబడాలి. కనబడింది. గ్లాసు మధ్యదాకా వచ్చి ఆగిపోయింది. అక్కడ అడ్డమేమీ లేదు.

వాసన... తడి పసుపు. కాళ్ళకి రాసే పసుపు.

నా వెనక, సిమెంటు నేల మీద... టక్. మళ్ళీ... టక్. ఉమ వంట చేస్తూ అటూ ఇటూ తిరిగితే మెట్టెలు అలాగే చప్పుడయ్యేవి.

నేను వెనక్కి తిరగలేదు. తడుముకుంటూ వెళ్ళి తలుపు తీశాను. అమ్మ అక్కడే నిలబడి ఉంది.

"పసుపెవులు రాసుకున్నార్రా?" అంది గుసగుసగా.

ఇక దాచలేకపోయాను. మొత్తం చెప్పేశాను.

"ఏటి సేసినావురా... ఆ మనిసి కాళ్ళయి పిల్ల కడుపులోకెట్టినావా? ఎల్లు... ఇప్పుడే అట్టుకెల్లి సువర్ణరేఖ ఏట్లో కలిపీసి రా."

లైటు వేసి గ్లాసు దగ్గరికి వెళ్ళాను. తీగల్ని పట్టి ఉంచిన క్లిప్పులు ఉన్నాయి. వాటికి తీగలు లేవు. నీళ్ళు తేటగా ఉన్నాయి.

రోహిణి ముందుగదిలో నేల మీద కాళ్ళు చాపుకుని బొమ్మ గీసుకుంటోంది. రెండు పాదాలకీ, బొటనవేలి పక్క వేలి చుట్టూ బూడిదరంగు గీతలు. మూడేసి ఉన్నాయి. చర్మం మీద కాదు... చర్మం కింద. తడిమి చూస్తే గట్టిగా తగిలాయి.

నాలుగు నెలల తర్వాత నాకు మొదటిసారి ఏదో తెలిసింది. భయం. ఆ వేలు పట్టుకుని తిప్పాను. చుట్టు కదల్లేదు. ఇంకా గట్టిగా తిప్పాను.

"నొప్పా?" అన్నాను.

"నొప్పి నేదు," అంది రోహిణి, బొమ్మ మీంచి తలెత్తకుండా. తెలుగులో. "అప్పుడూ నేదు. అయినా ఎందుకు తీసీసినారు?"

నా చెయ్యి ఇంకా ఆ వేలి మీదే ఉంది. వేలు చల్లగా ఉంది. మెల్లగా పాదం కూడా చల్లబడుతోంది.