నెమలి అమ్మిన ల్యాప్‌టాప్

"కంప్యూటర్ కొనేవాళ్లు దాని తళుకు చూసి మోసపోకండి. దీంతో నాకేం పని? ముందు ఆ సంగతి తేల్చుకోండి," అన్నాడు ప్రొఫెసర్.

కొత్తగా చేరిన విద్యార్థులతో సెమినార్ హాలు కిక్కిరిసి ఉంది. ఆయన టేబుల్ మీదున్న ల్యాప్‌టాప్‌ని బోర్లా తిప్పి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"ఇప్పుడు దీని కడుపులో ఏముందో చూపిస్తాను. నిన్న విప్పి చూస్తే నాకే మతి పోయింది..."

కిటికీ అద్దం టప్పున పగిలింది. ప్రొఫెసర్ టేబుల్ మీదికి ఒరిగిపోయాడు. తెల్లచొక్కా మీద ఎర్రగా మరక విచ్చుకుంది. పిల్లలు కేకలు పెడుతూ గుమ్మాల మీద పడ్డారు. ఆ తొక్కిసలాట సద్దుమణిగేసరికి ల్యాప్‌టాప్ మాయమైంది.

* * *

"ఈ కేసు నీకివ్వడం నాకు సుతరామూ ఇష్టం లేదు," అన్నాడు గూఢచారి శాఖ డైరెక్టర్.

ముంగిస నిలబడే ఉంది. ఆయన కూర్చోమనలేదు. డిపార్ట్‌మెంట్లో ఆమెను సొంతపేరుతో పిలవడం అందరూ ఎప్పుడో మానేశారు.

"అయితే ఇంకెవరినైనా పంపండి సార్."

"పంపుదును. ఒకడికి బట్టతల, ఇంకొకడికి బానపొట్ట. కాలేజీ పిల్లలా కనబడేది నువ్వొక్కదానివే. నా ఖర్మ!"

ఆయన బ్రీఫింగ్ పొడిపొడిగా సాగింది. ఒక విదేశీ ముఠా విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు అంటగడుతోంది. వాటిలో దొంగ చిప్ ఉంటుంది. ఏదైనా కీలకమైన ఆఫీసు నెట్‌వర్క్‌కి తగిలిస్తే చాలు, ఆ చిప్ ఆఫీసు మొత్తాన్నీ ముఠా చేతికిచ్చేస్తుంది. ఎక్కడ, ఎప్పుడు అన్నదే తెలియదు.

"కాలేజీ ఎదురుగా కంప్యూటర్ షాపుంది. మేనేజర్ మన ఏజెంటే. కోడ్‌నేమ్ నెమలి. ఆవిడ చెప్పినట్టు విను. 'బరువు తక్కువుండాలి, బ్యాటరీ ఎక్కువ రావాలి' అని అడుగు. 'రెండూ కావాలంటే మూడోది వదులుకోవాలి' అంటుంది."

"మూడోది ఏంటి సార్?"

"అధికప్రసంగం."

టెక్నీషియన్ ఒక వాచీ తెచ్చి ఆమె మణికట్టుకి కట్టాడు. దొంగ చిప్ పనిచేస్తూ ఉంటే, దగ్గరికి వెళ్లగానే ఆ వాచీ చర్మం మీద చురుక్కుమనిపిస్తుంది.

* * *

భుజాన సంచి, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు, రబ్బరుబ్యాండు వేసిన జుట్టు. ముంగిస ఫస్టియర్ అమ్మాయిగా షాపులో అడుగుపెట్టింది.

నెమలిని చూడగానే ఆ పేరెందుకు పెట్టారో అర్థమైంది. నీలిరంగు పట్టు సూటు, చెవులకు పచ్చరాళ్లు, నడిస్తే షాపంతా తిరిగి చూసే హుందాతనం. కోడ్ మాటలు ఇటూ అటూ దొర్లాయి. నెమలి చిరునవ్వు నవ్వింది, కళ్లు మాత్రం నవ్వలేదు.

"ఇంత చిన్నపిల్లని పంపారా? మనవాళ్లకి మనుషులు కరువైనట్టున్నారు." అక్కడున్న కస్టమర్లు వినేలా గొంతు పెంచింది. "మీ నాన్నగారు ఎక్కడ పనిచేస్తారమ్మా?"

"పవర్‌స్టేషన్‌లో అండీ."

"అయితే నీకిదే సరైనది."

కాగితంలా పల్చగా ఉన్న ల్యాప్‌టాప్ ఆమె చేతిలో పెట్టింది. స్విచ్ వేసి లేదు. వాచీ చల్లగానే ఉంది.

* * *

హాస్టల్ గదిలో రూమ్మేట్ ఫైనలియర్ అమ్మాయి. అందరూ సీనియర్ అంటారు. ముంగిస సంచి దింపీ దింపకముందే విరుచుకుపడింది.

"ఏయ్ జూనియర్! నా టేబుల్ జోలికొచ్చావంటే ఊరుకోను."

ముంగిస ఆ టేబుల్ పక్కనుంచి నడిచింది. మణికట్టు మీద నిప్పురవ్వ పడ్డట్టయింది.

"ఈ ల్యాప్‌టాప్ ఎక్కడిదక్కా?"

"ఎదురు షాపు మేడం ఇచ్చింది. మెరిట్ స్టూడెంట్‌కి కానుకట. నీకెందుకు?"

"ఏం చదువుతున్నావని అడిగిందా?"

సీనియర్ కాస్త ఆలోచించింది. "లేదు. ట్రైనింగ్ ఎక్కడ చేస్తున్నావని అడిగింది. రైల్వే సిగ్నల్ కంట్రోల్ సెంటర్లో అన్నాను. ఇవాళే అక్కడ నా ప్రాజెక్టు చూపించాలి."

ముంగిసకు షాపులో జరిగింది గుర్తొచ్చింది. ఏం చదువుతున్నావని తననీ అడగలేదు. నాన్న ఉద్యోగం అడిగింది! చదువేంటో తెలుసుకోకుండా విద్యార్థికి కంప్యూటర్ కట్టబెట్టేవాళ్లు వ్యాపారం చేస్తున్నట్టు కాదు, వల వేస్తున్నట్టు.

"అక్కా, దీన్ని అక్కడికి తీసుకెళ్లకు. ప్రాజెక్టు ఇంకెక్కడైనా దాచావా? బ్యాకప్ ఉందా?"

"చేద్దాం చేద్దాం అనుకుంటూనే ఉన్నా. పాత కంప్యూటర్ చెడిపోయాక అంతా ఇందులోనే ఉంది. ఓహో, ఇది కాజేద్దామనా? మూడేళ్లు రాత్రింబవళ్లు కష్టపడి చేసిన పని ఇది. చెయ్యేశావంటే మర్యాద దక్కదు!"

ల్యాప్‌టాప్ సంచిలో తోసుకుని విసవిసా వెళ్లిపోయింది. ముంగిస డైరెక్టర్‌కి ఫోన్ చేసింది.

"నెమలి శత్రువుల మనిషి సార్. సిగ్నల్ సెంటర్‌కి ఫోన్ చేసి..."

"నోరు ముయ్! ఆవిడ సర్వీసంత లేదు నీ వయసు. ఏడుపుగొట్టు ఏజెంట్ల మాటలు నేను వినను." ఫోన్ పెట్టేశాడు.

"పాపం, నమ్మలేదా?"

షాపు నుంచి వెంబడించి వచ్చిన నెమలి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్తోలు.

"ప్రొఫెసరూ నీలాగే. ల్యాప్‌టాప్ కడుపు కోసి చూశాడు, కాలం తీరింది. ఆ పిల్ల వైరు తగిలిస్తే సిగ్నళ్లన్నీ ఒక్కసారే పచ్చబడతాయి. ఒకే పట్టాల మీద ఎదురెదురుగా రెండు ఎక్స్‌ప్రెస్‌లు. నువ్వు చూడలేవులే."

పిస్తోలు లేచింది. ముంగిస మంచం మీదున్న కొత్త ల్యాప్‌టాప్ అందుకుని పళ్లెంలా విసిరింది. దాని పల్చటి అంచు కత్తిలా వెళ్లి నెమలి మణికట్టుకి తగిలింది. గుండు గోడలో దిగింది, పిస్తోలు జారి పడింది. నెమలి తేరుకునేలోపు ముంగిస ఆమెను బాత్రూంలోకి నెట్టి గడియపెట్టి, మెట్ల మీంచి దూకుతూ పరిగెత్తింది.

* * *

కంట్రోల్ సెంటర్ గుమ్మంలోనే గార్డులు పట్టుకున్నారు. విదిలించుకుని హాల్లోకి దూసుకెళ్లింది. మళ్లీ పట్టుకుని చేతులు వెనక్కి విరిచారు.

గోడనిండా తెర. దాని మీద ఎర్రచుక్కలు ఒక్కొక్కటే పచ్చబడుతున్నాయి. ఇంజినీర్లు కీబోర్డులు బాదుతున్నారు. ఏదీ మాట వినడం లేదు. రెండు రైళ్ల గుర్తులు ఒకే గీత మీద దగ్గరవుతున్నాయి. సీనియర్ తన ల్యాప్‌టాప్ ముందు రాయిలా నిలబడిపోయింది. ఆమె ముట్టుకోకుండానే స్క్రీన్ మీద అక్షరాలు పరిగెడుతున్నాయి.

"వైరు పీకు అక్కా!"

పీకింది. అక్షరాలు ఆగలేదు.

"వైర్‌లెస్‌లోకి మారింది. ఆపెయ్!"

బటన్ నొక్కిపట్టుకుంది. ఆగలేదు. ఛార్జర్ లాగేసింది. బ్యాటరీ నిండుగా ఉంది.

"పగలగొట్టెయ్!"

"నా ప్రాజెక్టు..." సీనియర్ ల్యాప్‌టాప్‌ని పొదివిపట్టుకుంది.

"రైళ్లనిండా మనుషులున్నారక్కా!"

సీనియర్ ఒక్కసారి తెరవైపు చూసింది. గోడకున్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఊడబీకి, తలపైకెత్తి, ఏడుస్తూనే దించింది. ఒక దెబ్బ. ఇంకొకటి. మూడో దెబ్బకి ల్యాప్‌టాప్ రెండు చెక్కలైంది.

చుక్కలన్నీ గుప్పున ఎర్రబడ్డాయి. రెండు రైళ్లు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నంత దగ్గర్లో ఆగాయి.

గార్డు ముంగిస చేతులు వదిలేశాడు. సీనియర్ ముక్కలు ఏరుకుంటూ ఆమె వైపు కొరకొరా చూసింది.

"నువ్వు నా గదిలోకి రాకుండా ఉంటే నా ప్రాజెక్టు నాకుండేది."

"నిజమే అక్కా," అంది ముంగిస.

నెమలికి బేడీలు వేయించడానికి డైరెక్టర్ స్వయంగా వెళ్లాడు. తిరిగొచ్చి ముంగిసకు శభాష్ అనలేదు, సారీ అంతకన్నా లేదు. కుర్చీ మాత్రం చూపించాడు. నెల తిరిగాక మళ్లీ పిలిచి ఒక ఈమెయిల్ చదివి వినిపించాడు. క్లాసుకి ఒక్కరోజు కూడా రాని కారణంగా ఈ విద్యార్థినిని కాలేజీ నుంచి తీసేస్తున్నామని ప్రిన్సిపాల్ రాశాడు.

శత్రువుల తుపాకీకి దొరకని ముంగిస, హాజరుపట్టీకి దొరికిపోయింది.