పెట్టెకి అవతలి వైపు

సత్యశ్రీ రైల్వే యార్డులో చేరిన మొదటి రోజే నాగబాబుతో గొడవ పడింది.

రైలు ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళే ముందు పెట్టెలన్నీ కింద నుంచి చూడాలి. ఇటువైపు ఒకరు, అటువైపు ఒకరు నడుస్తారు. మధ్యలో గోడలా రైలు. రెండు పెట్టెలు కలిసే చోట బ్రేకు గొట్టాల కోసం వంగితేనే అవతలి మనిషి ముఖం కనిపిస్తుంది. అలా వంగినప్పుడు కనిపించింది, మసి పూసుకుని నవ్వుతున్న ముఖం.

"ఏటమ్మాయ్, గొట్టం బిగించావా, జడేసావా?"

"నాను జడేసినా ఊడదు. నువ్వు బిగించిందే, సూడు, గాలి కక్కుతంది."

నిజంగానే కక్కుతోంది. నాగబాబు నోరు మూసుకుని రెంచి తీశాడు. తర్వాతి పెట్టె దగ్గర మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

ఆ తర్వాత వాళ్ళ ప్రేమంతా పెట్టెల సందుల్లోనే సాగింది. స్లీపరు పెట్టె దగ్గర మొదలైన మాట ఏసీ పెట్టె దాటాక పూర్తయ్యేది. "సినిమాకొత్తావా?" అని అతను ఇక్కడ అడిగితే, "మా నాన్నని కూడా తెత్తాను" అని ఆమె తర్వాతి సందులో జవాబిచ్చేది. వానొస్తే పైనుంచి కారే నీళ్ళు ఇద్దరి మెడల్లోనూ పడేవి. అయినా వంగడం మానలేదు, దొంగమొహాలు.

ఒక్క విషయంలో మాత్రం సరదా లేదు. పెట్టె కిందికి దూరాలంటే "లోపలికెల్తన్నా!" అని కేకెయ్యాలి. అవతలి మనిషి "ఎల్లు!" అనాలి. ఆ మాట వినపడ్డాకే దూరాలి. లోపల ఎవరూ లేరని తేలాకే ఇంజనుకి పచ్చజెండా.

ఆ ఆదివారం పెళ్ళి మాటలకి నాగబాబు సింహాచలంలో సత్యశ్రీ వాళ్ళింటికి రావాలి. రాలేదు. ఫోనూ లేదు. సత్యశ్రీ నాన్న శ్రీరామ్మూర్తి ఇస్త్రీ చొక్కా వేసుకుని సాయంత్రం దాకా వీధి గుమ్మంలో కూర్చున్నాడు.

మర్నాడు వాన. గొట్టాల దగ్గర వంగినా సత్యశ్రీ తలెత్తలేదు.

"సత్యా, మా మామ పడవ ఒడ్డుకి రాలేదని హార్బర్లోనే ఉండిపోనాను. ఒక్క మాట ఇనవే."

పలకలేదు. కాసేపటికి అటునుంచి కేక.

"లోపలికెల్తన్నా!"

వినపడింది. స్పష్టంగా వినపడింది. నా చేత పలికించడానికి ఇదో ఎత్తు అనుకుంది. నేను పలికితే గానీ దూరడు కదా, వానలో నిలబడనీ అనుకుంది. చివరి పెట్టె దాకా నడిచి పచ్చజెండా ఊపింది.

అతనేమో, ఆమె విన్నది, అలిగి పలకలేదంతే, తను లోపలున్నట్టు తెలుసు కదా అనుకుని దూరాడు.

ఇంజను తగిలి పెట్టెలు బారెడు వెనక్కి జరిగాయి.

ఆసుపత్రిలో నాగబాబుకి మోకాలి కింద కాలు తీసేశారు. విచారణకి వచ్చిన ఆఫీసర్లతో నాగబాబు, "నాను కేకెయ్యలేదు సార్, తప్పు నాదే" అన్నాడు. ఆ మాటతో సత్యశ్రీ ఉద్యోగం నిలిచింది. కానీ ఆమెకి అన్నం సహించలేదు. చివరికి ఆఫీసుకి వెళ్ళి, అక్కణ్ణుంచి తిన్నగా ఆసుపత్రికి వచ్చింది.

"నిజం సెప్పేసాను. సస్పెండు సేసారు."

"పిచ్చేటి నీకు? కాలూ పోయి, నీ ఉద్యోగమూ పోయి, ఇంకేటి మిగిలింది? అబద్ధం ఎవరి కోసం ఆడాననుకున్నావ్?"

"నువ్వు కేకేసావు. నాను ఇన్నాను. కోపంతో పలకలేదు. అది దాసుకుని నీతో కాపరం సెయ్యలేను."

"కాపరమేటి! ఎల్లిపో."

అతని తల్లి గంగాలమ్మ మంచం పక్కనే ఉంది. మొగుడు సముద్రంలో పోతే ఒక్కతే కొడుకుని పెంచిన మనిషి. అంతా విన్నది. చెంప పగలగొడుతుందని సత్యశ్రీ నిలబడింది. కొట్టినా బాగుండేది.

"నీ మీద కోపం సచ్చేదాకా పోదు పిల్లా," అంది గంగాలమ్మ.

ఇంతలో నర్సు కట్టు మార్చడానికి వచ్చింది. కాలు కదలకుండా ఎవరైనా పట్టుకోమంది. గంగాలమ్మ చేతులు చాచి, వెనక్కి తీసుకుంది.

"నా వల్ల కాదు. నువ్వు పట్టుకో."

"వద్దు. నువ్వది సూడకు," అన్నాడు నాగబాబు.

"సూత్తాను."

అంటుకుపోయిన గుడ్డ ఊడదీస్తుంటే అతను బిగ్గరగా అరిచాడు. సత్యశ్రీ కళ్ళ నీళ్ళు కారుతున్నాయి గానీ పట్టు వదల్లేదు, ముఖం తిప్పుకోలేదు. నర్సు వెళ్ళిపోయింది. నాగబాబు గోడకేసి చూస్తూ చాలాసేపు రొప్పాడు.

"రేపూ కట్టు మారుత్తారంట," అన్నాడు చివరికి. "పెందలాడే వచ్చెయ్."