కట్ చెప్పాక లేవని మనిషి

"కట్! ఓకే. అద్భుతం!" అరిచాడు డైరెక్టర్.

యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది. గోడౌన్ సెట్ మధ్యలో వెల్లకిలా పడ్డ మనిషి మాత్రం లేవలేదు.

అందరూ ఆయన్ని కత్తి బాబాయ్ అంటారు. ముప్ఫై ఏళ్లుగా క్రైమ్ సినిమాల్లో హీరోల చేతిలో చావడమే ఆయన వృత్తి. తెర మీద పీకలు కోసేవాడు. ఇంట్లో బొద్దింకను కూడా కాగితం మీదికి ఎక్కించి బయట వదిలేవాడు. ఓసారి చెక్‌పోస్టులో కానిస్టేబుల్ "ఈ మొహం ఎక్కడో చూశానే" అంటూ స్టేషన్‌కి లాక్కెళ్లి, పూటంతా బెంచీ మీద కూర్చోబెట్టాడు.

మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. మాట పొదుపుగా వాడే మనిషి.

గుండెపోటు అన్నాడు డాక్టర్. బాబాయ్ కూతురు ఒప్పుకోలేదు.

"నాన్న జేబులో మాత్రల డబ్బా ఎప్పుడూ ఉంటుంది మేడం. నాలుక కింద పెట్టుకుంటే నొప్పి తగ్గిపోయేది. ఆ డబ్బా ఏది? ఎవరో తీసేశారు."

"జబ్బు సంగతి ఇక్కడ ఎవరికి తెలుసు?"

"ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే వేషాలు రావుగా."

డబ్బా దొరికింది. మేకప్ రూంలో, కొక్కేనికి వేలాడుతున్న ఆయన సొంత చొక్కా జేబులోనే ఉంది.

ఇన్‌స్పెక్టర్ కాస్ట్యూమర్ని పిలిచింది.

"వేషం చొక్కాకి జేబు లేదేం?"

"విప్పేశాం మేడం. క్లోజప్‌లో ఎత్తుగా కనబడుతోందని."

తర్వాత డైరెక్టర్.

"మొదటి రెండు టేకులు ఎందుకు పోయాయి?"

"ఆయాసపడుతున్నాడు. పడటం లేటవుతోంది. ఈసారీ పాడైతే ఇంకొకర్ని పెట్టుకుంటానన్నా."

"మూడోది?"

డైరెక్టర్ తల దించుకున్నాడు. "అలాంటి చావు నేనెప్పుడూ తీయలేదు మేడం."

ఇన్‌స్పెక్టర్ అందర్నీ మానిటర్ ముందు కూర్చోబెట్టింది. షాట్ వేయించింది.

తుపాకీ పేలింది. బాబాయ్ కుప్పకూలాడు. కుడిచెయ్యి ఎడమ ఛాతీ మీద తడుముకుంది. మళ్లీ తడుముకుంది.

"ఆపండి. ఏం చేస్తున్నాడు?"

"గాయం పట్టుకుంటున్నాడు," అన్నాడు డైరెక్టర్.

"రక్తం కారేది కడుపులోంచి. చెయ్యి వెతుకుతోంది జేబు కోసం. లేని జేబు."

షాట్ మళ్లీ నడిపించింది.

"ఇప్పుడు కళ్లు చూడండి. కెమెరా పక్కకి చూస్తున్నాడు. ఇన్నేళ్ల నటుడు షాట్ మధ్యలో చూపు తిప్పాడంటే, అక్కడున్న ఎవరో ఆయనకి కావాలి. ఎవరున్నారక్కడ?"

మేకప్ మ్యాన్ లేచి నిలబడ్డాడు. బాబాయ్ మొదటి సినిమా నుంచీ ఆయన మొహానికి రంగేసిన మనిషి.

"నేనేనమ్మా."

"మాత్రల సంగతి నీకు తెలుసు."

"నాకొక్కడికే చెప్పాడు. రెండో టేకయ్యాక నా చెయ్యి పట్టుకున్నాడు. 'ఒరేయ్, ఇన్నాళ్లకి కెమెరా చివరిదాకా నా మొహం మీదే ఉంటుందిరా. ఏం జరిగినా షాట్ చెడగొట్టకు' అన్నాడు." మానిటర్ వైపు చూశాడు. "నటనే అనుకున్నా... లేదమ్మా, అబద్ధం. అనుకోలేదు. తెలిసిపోయింది. కాళ్లు కదల్లేదు."

కూతురు అతన్ని తిట్టలేదు. తండ్రి చచ్చిపోవడం చూడలేక ఆమె ఆయన సినిమా ఒక్కటీ చూడలేదు. ఇదే మొదటిది.

"ఈయన మీద ఏ సెక్షన్ పెడతారు మేడం?"

"ఏదీ నిలవదమ్మా."

"డైరెక్టర్ గారి మీద?"

"నిలవదు."

"అంటే మా నాన్నని ఎవరూ చంపలేదా?"

ఇన్‌స్పెక్టర్ మానిటర్ ఆపేయించింది.

ప్రొడక్షన్ మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. "మేడం, మీ పనైపోతే ఫ్లోర్ ఇస్తారా? సాయంత్రం హీరోగారి షూటింగ్ ఉంది."

కాదనడానికి ఆమె దగ్గర కారణమేదీ లేదు. సెట్ చుట్టూ కట్టిన పోలీసు టేపు తానే విప్పింది. ఉండచుట్టి కానిస్టేబుల్ చేతిలో పెట్టింది.