బిగుతు బూట్లు

డ్రిల్లు పీరియడ్ సగంలో ఉంది. ఐదో తరగతి కిటికీ పక్కన కూర్చున్న అక్క లెక్కలు ఆపేసి మైదానంలోకి చూస్తోంది. అక్కడ ఒకటో తరగతి పిల్లలకి పరుగు పందెం. అందరికన్నా వెనక, నిప్పుల మీద నడుస్తున్నట్టు ఆమె తమ్ముడు వస్తున్నాడు. సగం దూరం వచ్చి కింద కూలబడ్డాడు.

డ్రిల్లు టీచరు వాడి బూటు విప్పారు. తెల్ల సాక్సు మీద ఎర్రటి మరక.

బల్ల కింద అక్క కాలివేళ్ళు ఇంకాస్త ముడుచుకున్నాయి. వాడి బూట్లు బిగుతయ్యాయని ఆమెకి నెల రోజులుగా తెలుసు. “ఎవరికీ చెప్పకు, ఏమీ అడక్కు” అని వాడికి నేర్పిందే ఆమె.

దానికో కారణం ఉంది. చూసుకునేవాళ్ళు లేని ఆ ఇద్దరినీ పిల్లల ఆఫీసు వాళ్ళు మూడు ఇళ్ళలో ఉంచారు. రెండో ఇంట్లో తమ్ముడు బంతి కొనమని మారాం చేశాడు. వారం తిరక్కుండా ఆఫీసు కారొచ్చింది. మళ్ళీ సంచులు సర్దడం, మళ్ళీ కొత్త గుమ్మం. ఏదైనా అడిగితే పంపేస్తారని అక్క ఆ రోజే తేల్చేసుకుంది. నిజమేనా అని అడగడానికి ఆమెకెవరూ లేరు.

ఇది నాలుగో ఇల్లు. ఆరు నెలల కిందట దత్తత కాగితాల మీద సంతకాలయ్యాయి. ఇక ఇదే మీ ఇల్లు అన్నారు. తమ్ముడు ఇట్టే నమ్మేశాడు. రెండో రోజు నుంచే “అమ్మా, అమ్మా” అంటూ దత్తత తీసుకున్నావిడ కొంగు పట్టుకు తిరిగాడు. అక్క మాత్రం “ఆంటీ” దగ్గరే ఆగిపోయింది. వాళ్ళిద్దరూ వంటింట్లో నవ్వుకుంటుంటే, తను గదిలో మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెట్టేది. ఇన్నాళ్ళూ వాడికి తినిపించింది, జోకొట్టింది తను. ఇప్పుడా పనులు కూడా లేవు. చాలా ఒంటరిగా అనిపించేది ఆమెకి.

మిగిలిన పని ఒక్కటే, బూట్లు. వాటిని ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. తనే తుడిచేది, తనే తొడిగేది, తనే లేసులు కట్టేది.

ఇంతకీ ఆ ఆంటీ ఏం చేస్తుందో తెలుసా? బజార్లో బూట్లు బాగుచేసే కొట్టు నడుపుతుంది. అరిగిన మడమ చూసి మనిషి నడక చెప్పేయగలదు. దీపం కిందే చీకటి అంటారే, అదన్నమాట.

స్కూలు వాళ్ళు ఫోన్ చేయగానే వేళ్ళకంటిన జిగురు కూడా తుడుచుకోకుండా వచ్చేసింది. తమ్ముణ్ణి ఎత్తుకుని, అక్కని వెంటబెట్టుకుని కొట్టుకి తీసుకెళ్ళింది. వాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి పుండుకి మందు రాసింది.

“నొప్పిగా ఉందని చెప్పొచ్చు కదరా నాన్నా?”

“అక్క చెప్పొద్దంది. అడిగితే కారొస్తుందంట.”

“ఏం కారు?”

వాడు అక్క వంక చూశాడు. అక్క గుమ్మం దగ్గరే నిలబడి వీధిలోకి చూస్తోంది. ఇక దాచి లాభం లేదనుకుని బంతి సంగతంతా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ కళ్ళు వీధి మీదే ఉన్నాయి.

ఆంటీ మందు డబ్బా మూతపెట్టి అక్క వైపు తిరిగింది.

“ఆ ఇంటావిడకి ఆపరేషన్ అయింది తల్లీ. మంచం దిగలేకపోయింది. అందుకే మిమ్మల్ని పంపాల్సొచ్చింది. ఆఫీసు వాళ్ళే నాకు చెప్పారు. నీకెవరూ చెప్పలేదా?”

అక్క తల అడ్డంగా ఊపింది.

“బంతి వల్ల కాదా?”

“కాదు.”

రెండేళ్ళుగా ఆ బంతి బరువు మోసింది అక్క. ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ముఖం గోడవైపు తిప్పుకుంది.

“వాడికి పుండు పడింది నా వల్లే,” అంది గోడతో.

“నా వల్ల కూడా. ఊళ్ళో అందరి కాళ్ళూ చూస్తాను, నా ఇంట్లో కాళ్ళు చూసుకోలేదు.”

ఆంటీ నేల మీద ఒక కాగితం పరిచి తమ్ముడి పాదం దాని మీద పెట్టింది. చుట్టూ పెన్సిల్‌తో గీత గీసింది. ముందువైపు బొటనవేలంత ఖాళీ వదిలింది. చక్కిలిగింతలకి వాడు మెలికలు తిరిగిపోయాడు. గీయడం అయ్యాక ఆంటీ పెన్సిల్ పక్కన పెట్టబోయింది.

“ఆంటీ.”

ఇంకేమీ అనకుండా అక్క వచ్చి ఇంకో స్టూలు మీద కూర్చుంది. తన బూటు లేసు విప్పింది. బూటు ఊడడానికి చాలాసేపు పట్టింది. వేళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి, ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

“నావి కూడా బిగుతయ్యాయి,” అంది. కాసేపాగి, “నాకూ కొత్తవి కావాలి,” అంది.

ఆంటీ ఇంకో కాగితం తీసి పరిచింది. అక్క దాని మీద పాదం ఆనించి వీధి వంక చూసింది. కారేదీ రాలేదు. పెన్సిల్ మడమ దగ్గర మొదలై మెల్లగా వేళ్ళ దాకా వచ్చింది. అక్క ఈసారి వేళ్ళు ముడుచుకోలేదు.