పదకొండో కొక్కెం

"పడవ ఎక్కకుండానే దిగిపోయారేంటండీ?"

ఆమె అన్నవాటిలో నేను విన్న మొదటి మాట ఇది. అప్పటికి నేను నడుంలోతు నీళ్లలో నిలబడి ఉన్నాను. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, కాళ్లకు కొత్త కాన్వాసు బూట్లు. నేను ఎక్కబోయింది డింగీ, ఇద్దరు మాత్రమే పట్టే చిన్న తెరచాప పడవ. దాంట్లో సరిగ్గా నడిమధ్యన అడుగు వేయాలని, అంచు మీద కాలు పెడితే నీళ్లలో పడేస్తుందని నాకెవరూ చెప్పలేదు.

"మీరు కాస్త ముందే చెప్పాల్సింది," అన్నాను బింకంగా.

"రెండుసార్లు చెప్పాను. తెరచాప ఎంత తెల్లగా ఉందో మీరు నాకు వర్ణించి చెప్తున్నారు అప్పుడు."

చెయ్యి అందించింది. పట్టుకుని, పడవలు కట్టే చెక్క జెట్టీ మీదకు ఎక్కాను. ఒడ్డున ఉన్నవాళ్లంతా నవ్వుతున్నారు. ఆమె మాత్రం నా కళ్లద్దాలు పడిపోయాయేమోనని వంగి జెట్టీ కింద వెతుకుతోంది. అవి నా జేబులోనే ఉన్నాయని చెప్పాక అప్పుడు నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకోసారి పడినా ఫర్వాలేదనిపించింది.

నేను కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాను. కిటికీ లేని వెనక గదిలో, మెషిన్ ముందు, రోజుకు తొమ్మిది గంటలు. "ముప్ఫై దాటుతున్నాయి, ఆ గదిలోనే బూజు పట్టిపోతావు, కాస్త మనుషుల్లో పడరా" అని అక్క పోరు పెడితే ఈ సెయిలింగ్ క్లబ్బులో చేరాను. ఊరి చివర రిజర్వాయరు, ఒక రేకుల షెడ్డు, పద్నాలుగు పడవలు, ముప్ఫై మంది సభ్యులు. మొదటి రోజే నాకు "అద్దాలు" అని పేరు పెట్టేశారు.

ఆమెను అందరూ "కంట్రోల్" అంటారు. అంబులెన్సు కంట్రోల్ రూములో ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఆమెది. ఆదివారాలు ఇక్కడ కొత్తవాళ్లకు పాఠాలు చెబుతుంది. ఎవరి పడవైనా బోల్తా కొడితే మోటారు పడవ వేసుకుని వెళ్లి తీసుకొస్తుంది. షెడ్డులో పడవలు బాగుచేసే పెద్దాయన ఆమె తండ్రి, ఒకప్పుడు ఫ్యాక్టరీలో ఫిట్టరు.

తడిబట్టల మీదే నాకు మొదటి పాఠం మొదలైంది. అది గాలి గురించీ కాదు, తెరచాప గురించీ కాదు. షెడ్డు గోడకు కొట్టిన చెక్క బోర్డు గురించి. దాని నిండా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ.

"మీది పదకొండు. నీళ్లలోకి వెళ్లేముందు బిళ్ళ తీసి లైఫ్ జాకెట్టుకి తగిలించుకోవాలి. రాగానే మళ్లీ ఇక్కడ పెట్టాలి. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా నీళ్లలో ఉన్నట్టే. అన్నీ నిండితేగానీ ఎవ్వరూ ఇంటికెళ్లరు."

"పడవ ఒడ్డుకొస్తే మనిషి వచ్చినట్టే కదండీ?"

"కాదు."

"బాగుంది. మా ఎదురింటి కుక్క మెడలో కూడా ఇలాంటిదే ఉంటుంది."

ఆమె మొహంలో నవ్వు టక్కున ఆగిపోయింది. "తగిలించుకోండి" అని మాత్రం అని వెళ్లిపోయింది. నేనేం తప్పు మాట్లాడానో నాకు తెలియలేదు.

తర్వాతి ఆదివారాల్లో నేను తిన్నన్ని చీవాట్లు బళ్లో కూడా తినలేదు. చుక్కాని కర్ర ఎడమకు నెడితే పడవ కుడికి తిరుగుతుంది.

"ఇదేం న్యాయమండీ?" అన్నాను.

"న్యాయం కాదు, నీళ్లు. నెట్టండి. గాలి ఎటునుంచి వస్తోంది?"

"ఎదురుగా... కాదు, పక్కనుంచి... మీ వైపు నుంచే వస్తున్నట్టుందండీ."

"నా వైపు చూడకండి. తెరచాప చూడండి."

చూడలేదు. తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర గిర్రున తిరిగి నా తల మీద తగిలింది. ఒడ్డుకొచ్చాక చల్లని నీళ్ల సీసా నా నుదుటికి నొక్కిపట్టి, ఫోన్లో మాట్లాడే గొంతుతో అడిగింది: "కళ్లు తిరుగుతున్నాయా? ఇవాళ ఏ వారం?"

"ఆదివారం. వారంలో నాకున్నది అదొక్కటే."

సీసా నా చేతిలో పెట్టి మొహం పక్కకు తిప్పుకుంది. చెవులు ఎర్రబడటం నేను చూశాను. కళ్లద్దాలవాణ్ణి కదా, అంత చిన్న విషయం నా దృష్టి దాటిపోదు.

నాలుగో ఆదివారం నన్ను ఒంటరిగా వదిలింది. తెరచాప నిండి పడవ కదిలినప్పుడు నా గుండె ఎక్కడుందో నాకే తెలియలేదు. మూడుసార్లు రిజర్వాయరు చుట్టి వచ్చాను. జెట్టీ మీద నిలబడి ఆమె రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టింది. పడవ కట్టేసి, తడిసిన బూట్లు జెట్టీ అంచున ఎండకు పెట్టి, ఆమెతో ఇవాళ ఎలాగైనా మాట్లాడాలని అనుకుంటూ జాకెట్టు విప్పాను.

సరిగ్గా అప్పుడే మా షాపు ఓనరు ఫోను. ఎవరో పెద్దావిడకు అద్దం పగిలిందట, తెల్లవారితే ప్రయాణమట, ఒక గంట వచ్చి చేసిపెట్టమని. కంట్రోల్ అప్పటికే మోటారు పడవలో దూరంగా ఉంది. చెప్పులు వేసుకుని, సంచీ తగిలించుకుని, బస్సు కోసం పరుగెత్తాను.

షాపుకు ఆదివారం సెలవు. తాళం తీసుకుని వెనక గదిలో కూర్చున్నాను. అరగదీసిన పొడి పడుతుందని ఫోను బయటి గదిలో సంచీలోనే ఉంచడం నా అలవాటు. మెషిన్ చప్పుడులో ఇంకేదీ వినపడదు. పని అయ్యేసరికి అయిదున్నర. తాళం వేద్దామని జేబులో చెయ్యి పెట్టాను. తాళంచెవితో పాటు, జాకెట్టు విప్పుతూ జేబులో వేసుకున్న ఇత్తడి బిళ్ళ వచ్చింది. పదకొండు.

ఫోను తీసి చూస్తే ముప్ఫై ఒక్క కాల్స్. పదిహేడు క్లబ్బు నుంచి, మిగిలినవి అక్క నుంచి. క్లబ్బుకు తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు; అక్కకు క్షేమమని చెప్పి ఆటో ఎక్కాను.

నేను వెళ్లేసరికి ఎండ పూర్తిగా తగ్గిపోయింది. క్లబ్బులో ఎవ్వరూ ఇంటికెళ్లలేదు. అందరూ మోకాళ్ల దాకా తడిసి ఒడ్డున నిలబడి ఉన్నారు. పెద్దాయన జెట్టీ పక్కన ఛాతీలోతు నీళ్లలో గడతో అడుగు వెతుకుతున్నాడు. నా బూట్లు మాత్రం పెట్టినచోటే ఉన్నాయి. మోటారు పడవ అవతలి గట్టు నుంచి మెల్లగా వస్తోంది. అందులో ఆమె నిలబడి, రెండు పక్కలా నీళ్లలోకి చూస్తోంది.

"నేను ఇక్కడున్నానండీ!" అని అరిచాను.

ఎవరూ నన్ను తిట్టలేదు. ఆమె దిగి వచ్చి నా ఎదురుగా నిలబడింది. నా చేతిలోని బిళ్ళ తీసుకుని, వెళ్లి పదకొండో కొక్కేనికి తగిలించింది. తర్వాత గేటు దాటి వెళ్లిపోయింది.

పెద్దాయన నీళ్లోడుతూ బెంచీ మీద కూలబడ్డాడు. నేను కండువా అందిస్తే తీసుకున్నాడు.

"పడవ ఒడ్డునే ఉంది కదా, నేనెక్కడికో వెళ్లాననుకోవచ్చు కదండీ?" అన్నాను.

"ఒకసారి అలాగే అనుకున్నాం బాబూ. ఎనిమిదేళ్లయింది. మా పెద్దాడు పడవ శుభ్రంగా కట్టేసి, జెట్టీ కింద తాడేదో పడితే తీద్దామని మళ్లీ దిగాడు. అక్కడ కాలు ఇరుక్కుంది. పడవ ఉంది కదా, స్నేహితులతో వెళ్లుంటాడని మేమంతా ఇంటికెళ్లిపోయాం. మా అమ్మాయి కూడా అన్నయ్య వాటా అన్నం మూతపెట్టి పడుకుంది. పొద్దున్నే వచ్చి చూసింది అదే." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నెల తర్వాత ఈ బిళ్ళలు నేను కోశాను. బోర్డు అది కొట్టింది."

కుక్క మెడలో బిళ్ళ అని నేను వాగిన మాట గుర్తొచ్చి చచ్చినంత పనైంది.

మర్నాడు రాజీనామా కాగితం రాసి పట్టుకెళ్లాను. బిళ్ళతో ఇంటికెళ్లినవాణ్ణి క్లబ్బు నుంచి తీసేయడం అక్కడి నియమం. పెద్దాయన కాగితం చదివి నాలుగు మడతలు పెట్టి నాకే ఇచ్చేశాడు.

"పారిపోతే తప్పు తీరిపోతుందా? సీజనంతా నీళ్లలోకి దిగొద్దు. ప్రతి ఆదివారం వచ్చి బోర్డు దగ్గర కూర్చో. ఎవరు వెళ్లారో, ఎవరు వచ్చారో చూడ్డం నీ పని. అది నిన్ను క్షమిస్తుందో లేదో నాకు తెలీదు, నేను చెప్పను కూడా."

కూర్చున్నాను. వారం తర్వాత వారం, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా. ఆమె నా ముందు నుంచే వెళ్లేది. "గాలి పెరుగుతోంది, అందరికీ చెప్పండి" లాంటి మాటలు తప్ప ఇంకేం లేవు. నా పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆమెను చూడకుండా ఉండటం కంటే చీవాట్లయినా లేని ఆ మౌనమే నయమనిపించి, మానలేకపోయాను.

అయిదో వారమో ఆరో వారమో ఒక సంగతి నా కంట పడింది. రెండో నంబరు బిళ్ళ ఎప్పుడూ కదలదు. అది ఆమెది. ఆమె మోటారు పడవలో నీళ్ల మధ్య ఉన్నప్పుడు కూడా కొక్కెం నిండుగానే ఉంటుంది. బోర్డు కొట్టిన మనిషే ఒక్కరోజూ తన బిళ్ళ తీసుకోలేదు. అంటే ఆమె తిరిగి రాకపోతే బోర్డు ఎవ్వరికీ చెప్పదు. ఆ రోజంతా నేను మోటారు పడవనే కనిపెట్టుకుని ఉన్నాను, అయినా అడిగే ధైర్యం రాలేదు.

ఆ పై ఆదివారం మధ్యాహ్నం మబ్బు కమ్మింది. కొత్తగా చేరిన భార్యాభర్తలు, చుక్కాని ఎవరు పట్టుకోవాలని ఒడ్డునే పోట్లాడుకుని మరీ వెళ్లినవాళ్లు, నడి రిజర్వాయరులో బోల్తా కొట్టారు. కంట్రోల్ పరుగున వచ్చి మోటారు పడవ తాడు అందుకుంది. నేను రెండో నంబరు బిళ్ళ తీసుకుని ఆమెకు అడ్డంగా నిలబడ్డాను.

"ఇది తీసుకోండి."

"తప్పుకోండి! అక్కడ ఇద్దరు నీళ్లలో ఉన్నారు."

"ఉన్నారు. మీరు వెళ్తే ముగ్గురు."

"వెతికేదాన్ని నేను. నా కోసం ఎవరూ వెతకక్కర్లేదు."

"నేను వెతుకుతాను. నాకు ఈత కూడా సరిగ్గా రాదు, అయినా వెతుకుతాను. తీసుకోండి, టైమవుతోంది."

ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. బిళ్ళ లాక్కుని జాకెట్టుకి తగిలించుకుంది. ఇంజను చప్పుడు దూరమైంది. వెంటనే వాన మొదలై, నీళ్లూ ఆకాశమూ ఏది ఏదో తెలియకుండా పోయింది.

బోర్డు వదిలి నేను కదలకూడదు. మూడు ఖాళీ కొక్కేల ముందు నిలబడ్డాను. రేకుల మీద వాన హోరులో ఇంజను వినిపిస్తుందేమోనని ఊపిరి బిగపట్టేవాణ్ణి. పెద్దాయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆ రోజు నేను మెషిన్ ముందు కూర్చుని హాయిగా అద్దం అరగదీస్తుంటే వీళ్లిద్దరూ పడింది ఇదన్నమాట.

ముందు చప్పుడు, తర్వాత పడవ. ముగ్గురూ ఉన్నారు. భార్యాభర్తలు వణుకుతూ వచ్చి వాళ్ల బిళ్ళలు పెట్టేసి దుప్పట్లు కప్పుకోవడానికి వెళ్లారు. ఆమె మాత్రం నా ఎదురుగా ఆగిపోయింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఎంతసేపైంది?"

"నలభై రెండు నిమిషాలు."

"భయమేసిందా?"

"వేసింది."

"నాకు ఆ రోజు రెండు గంటల పది నిమిషాలు." బిళ్ళ విప్పి రెండో కొక్కేనికి తగిలించింది. "జెట్టీ కింద చెయ్యి పెట్టి వెతుకుతుంటే ఏం తగులుతుందోనని... నీకు తెలుసా ఎలా ఉంటుందో?"

నువ్వు అంది. ఇన్నాళ్లలో మొదటిసారి.

"క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు," అన్నాను. "కానీ ఒకటి చెప్పకుండా ఉండలేను. మీరంటే నాకిష్టం. మొదటి రోజు నుంచీ."

"తెలుసు. అందరికీ తెలుసు, నువ్వు దాచుకోగలిగితే కదా." కళ్లు తుడుచుకుంది, వాన నీళ్లో ఏవో. "కోపంతో మాట్లాడ్డం మానేశాననుకున్నావు కదూ? కోపం ఆ రాత్రికే పోయింది. నువ్వు నాకేమవుతావో ఆ నీళ్లలో వెతుకుతున్నప్పుడే తెలిసింది. అది తట్టుకోలేక మానేశాను. ఇంకొకళ్లని పోగొట్టుకునే ఓపిక నాకు లేదు."

పెద్దాయన దగ్గి, చెయ్యి చాపాడు.

"మీ అక్కకు ఫోను కలిపి ఇలా ఇవ్వు."

కలిపి ఇచ్చాను. ఆయన తడి చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

"అమ్మా, నేను సెయిలింగ్ క్లబ్బు నుంచి. ఆ రోజు ఫోను చేసి మిమ్మల్ని ఏడిపించిన ముసలాణ్ణే. కంగారు పడకండి, కంగారు పడకండి. మీ తమ్ముడు క్షేమంగా ఉన్నాడు, నా కళ్లముందే ఉన్నాడు." నన్ను ఎగాదిగా చూశాడు. "మా అమ్మాయి సంగతి మీతో మాట్లాడాలి. ఎప్పుడు రమ్మంటారు?"

అక్క ఏమందో వాన హోరులో నాకు వినపడలేదు. పెద్దాయన ఫోను చెవి దగ్గరే ఉంచుకుని కూతురి వైపు తిరిగాడు.

"ఇప్పుడే రమ్మంటోంది," అన్నాడు.

క్లబ్బంతా చూస్తుండగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది.