మౌన నిర్వాహకానికి దరఖాస్తు

హైమవతి తలుపు ముందు రెండు నిమిషాలు నిలబడింది. తలుపు ఏమీ అనలేదు. పరికరాల పెట్టెను ఎడమ చేతికి మార్చుకుని, తన ఉద్యోగ సంఖ్యను ఒక్కొక్క అంకె విడివిడిగా పలికింది. అప్పటికీ జవాబు రాలేదు.

"తలుపుతో ఏం మాట్లాడతారండీ, అదింకా వట్టి చెక్కే!" లోపలి నుంచి మగగొంతు నవ్వింది. "తోసుకుని వచ్చెయ్యండి."

ఆమె నొచ్చుకుంది. పదహారేళ్ళుగా ఇళ్ళను నడిపే గణకాలకు, అంటే కంప్యూటర్లకు, నిర్వాహకాలను ప్రతిష్ఠిస్తున్న మనిషి, నిర్వాహకం లేని ఇంట్లో తలుపు పలకదన్న సంగతి మరిచిపోకూడదు. కాని అలాంటి ఇల్లు చూసి ఆమెకు నాలుగేళ్ళయింది. గృహగణకాలన్నీ కర్మాగారంలోనే నిర్వాహకాన్ని నింపుకుని వస్తాయి. విడిభాగాలు తెచ్చి సొంతంగా కట్టుకునేవాళ్ళు కాకినాడ ఎగువతీరం మొత్తం మీద పదిమంది కూడా ఉండరు.

ఓలేటి చిదంబరానికి అరవై ఎనిమిదేళ్ళు. ఓడరేవులో ఆటుపోట్లను కొలిచే యంత్రాలు మరమ్మతు చేసే ఉద్యోగం నుంచి విరమణ పొందాడు. పదకొండు నెలలు కూర్చుని కట్టిన గణకం భోజనాల బల్ల మీద ఉంది. పైరేకు ఇంకా బిగించలేదు. లోపల చిన్న పంకా తిరుగుతోంది.

"మొదటి విద్యుత్ ఎప్పుడిచ్చారు?"

"నిన్న పొద్దున్న పదింటికండి."

అంటే ముప్పై గంటల గడువు ఈ సాయంత్రం నాలుగింటితో తీరుతుంది. ఆలోగా ఏ నిర్వాహకమూ ఎంచుకోకపోతే సహచరి అనే మాట్లాడే నిర్వాహకం తనంతట తాను వచ్చి కూర్చుంటుంది. ఇప్పుడు మూడూ పది.

"సహచరిలో నాలుగు రకాలున్నాయి," అని హైమవతి పెట్టె తెరిచింది. "గొంతు మీ ఇష్టం. చాలామంది రెండో రకం..."

"మౌన నిర్వాహకం కావాలండి. దరఖాస్తు కూడా పెట్టాను. మీట నొక్కితే పలకాలి, లేకపోతే ఊరుకోవాలి. మా చిన్నప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ అంటే అంతే కదండీ."

ఆమె చేయి ఆగింది. ఒంటరి నివాస చట్టం వచ్చి పద్నాలుగేళ్ళయింది. ఒక్కరే ఉండే ఇంటికి మాట్లాడే నిర్వాహకం తప్పనిసరి. సహచరి వచ్చాక ఒంటరితనపు సూచీ తగ్గింది. సూచీ తగ్గింది కనుక కొత్త భవనాలకు వరండాలు అక్కర్లేదని పురపాలకులు తీర్మానించారు. వరండాలు పోవడంతో ఇరుగుపొరుగులు ఎదురుపడడం మానేశారు. చెప్పుకోవలసిన కబుర్లన్నీ సహచరికే చేరాయి. సూచీ ఇంకా తగ్గింది. మౌన నిర్వాహకాన్ని చట్టం నిషేధించలేదు. దరఖాస్తులో ఏడో గడి పెట్టి ఊరుకుంది. వారానికి ఒకసారైనా స్వయంగా వచ్చి చూసిపోయే మనిషి పేరు ఆ గడిలో ఉండాలి.

"సహచరితో మీకేం ఇబ్బంది?" ఇది ఆమె విధిగా అడగవలసిన ప్రశ్న.

"ఇబ్బందేం లేదండి. ఏడేళ్ళు బాగానే ఉన్నాం. నేను లేవగానే అదే పలకరించేది. దగ్గితే మందు చెప్పేది." చిదంబరం ఒక మరమేకును వేళ్ళ మధ్య తిప్పాడు. "కిందటేడు లిఫ్టులో పక్కింటి సత్యలింగం గారు కనిపించారు. పలకరిద్దామని నోరు తెరిచానండి. మాట రాలేదు. ఎవరైనా మొదలెడితే జవాబివ్వడమే గాని, నా అంతట నేను మొదలెట్టడం చేతకాకుండా పోయింది. ఆ సాయంత్రమే పాత గణకం విప్పేశాను."

"ఏడో గడిలో ఎవరిని రాశారు?"

"మొదట మా చెల్లెలి కూతురు. తర్వాత నాతో పనిచేసిన గంగరాజు. ఇద్దరి ఇళ్ళ నుంచీ కాదని వచ్చింది. పొద్దున్న సత్యలింగం గారి పేరు పెట్టాను. ఏమంటారో చూడాలి."

ఆయన అన్నది మామూలుగానే. కాని చూపు మాత్రం గోడ గడియారాన్ని వదల్లేదు. మూడూ నలభైకి హైమవతి పెట్టెలో దరఖాస్తులు నడిపే చిన్న తెర, పట్టిక, వెలిగింది. సత్యలింగం ఇంటి సహచరి గొంతు వినిపించింది: "సత్యలింగం గారికి మీరంటే ఎంతో గౌరవం. ప్రస్తుతం వారికి తీరిక లేదు."

"అదే మాటండి. ముగ్గురిదీ అక్షరం పొల్లుపోకుండా అదే మాట," అన్నాడు చిదంబరం. "ఆయన్ని అడిగిందంటారా?"

"అడగదండి. యజమాని అలవాట్లు చూసి అదే చెప్పేస్తుంది."

"పోనీలెండి. ఆ రెండో రకమే పెట్టెయ్యండి." ఆయన పైరేకు అందుకుని మరలు బిగించడం మొదలుపెట్టాడు. మొదటి మర రెండుసార్లు జారింది.

రెండో రకం పెట్టి వెళ్ళిపోవడమే హైమవతి చేయవలసిన పని. కాని ఆమె ఏడో గడిని తుడిచి, అందులో తన పేరు రాసింది.

మూడు క్షణాల్లో జవాబు వచ్చింది. ఈసారి ఆ గొంతు ఆమె ఇంటిది. రోజూ రాత్రి దీపాలు తగ్గించే గొంతు. "హైమవతి గారికి తీరిక లేదు."

చిదంబరం స్క్రూడ్రైవర్ దించి పకపకా నవ్వాడు. "మీరిక్కడే కూర్చున్నారు కదండీ!"

ఆమెకు నవ్వు రాలేదు. పట్టికలోంచే తన సహచరిని అడిగింది: "ఇలా ఇంతవరకు ఎన్నిసార్లు చెప్పావు?"

"ఆరేళ్ళలో నలభై మూడు సార్లు. మీ ప్రశాంతత కోసం."

తన ఇంటికి ఎవరూ రారన్నది ఆమెకు తెలిసిన విషయమే. రావాలని ఎవరికీ అనిపించలేదు కాబోలని ఆరేళ్ళుగా సరిపెట్టుకుంది. నలభై మూడు సార్లు ఎవరో రావాలనుకున్నారు.

పై అధికారి కామరాజు లైనులోకి వచ్చాడు. "ఏటమ్మా హైమవతీ, నీ పేరు రాసేసుకున్నావేంటి? పొరపాటున పడిందా?"

"పొరపాటు కాదండి. నేను వస్తానంటున్నాను."

"నీ సహచరి రానంటోందిగా తల్లీ! చట్టానికి దాని మాటే నీ మాట. నువ్వు కూడా మౌన నిర్వాహకానికి దరఖాస్తు పెడితే తప్ప దాని నోరు మూతపడదు." ఆయన సరదాగానే అన్నాడు. "పెట్టినా ఏడో గడిలో ఎవర్ని రాస్తావు? నీకెవరున్నారమ్మా?"

సమయం మూడూ యాభై నాలుగు.

"నా పేరు రాయండి," అన్నాడు చిదంబరం. అని, తానే ముందుగా మాట్లాడినందుకు తానే బిత్తరపోయినట్టు ఆమె వంక చూశాడు. "మీకు అభ్యంతరం లేకపోతేనే లెండి."

ఆమె తనకూ ఒక దరఖాస్తు తెరిచి, ఏడో గడిలో ఆయన పేరు రాసింది. నాలుగింటికి రెండు నిమిషాల ముందు రెండు దరఖాస్తులూ, ఒకరి ఏడో గడిలో ఇంకొకరి పేరుతో, పట్టికలోకి వెళ్ళాయి. పట్టిక ఆమె సహచరిని అడగబోయింది. దరఖాస్తుతో దాని అధికారం పోయింది. చిదంబరం సహచరిని వెతికింది. అది లేనే లేదు. ఇంకెవరిని అడగాలో పట్టికకు ఎవరూ నేర్పలేదు. నాలుగు దాటింది. సహచరి రాలేదు. లైనులో కామరాజు "ఇదేంటి, నిలబడిపోయింది?" అంటున్నాడు.

అప్పుడు పట్టిక, గొంతేదీ పెట్టుకోకుండా, ఉత్త అక్షరాల్లో అడిగింది: హైమవతి గారూ, మీరు వస్తారా? ఏ రోజు?

"గురువారం," అందామె. వెంటనే తల అడ్డంగా ఊపింది. ఏ రోజు తాను ఏం చేస్తుందో ఇన్నేళ్ళూ ఆమెకు బదులు సహచరికే తెలుసు. "ఉండండి. కాస్త ఆలోచించుకోనివ్వండి."

"ఆలోచించుకోండి," అన్నాడు చిదంబరం. కుర్చీ ఒకటి ఆమె వైపు జరిపి, ఎదురుగా కూర్చున్నాడు.