చిన్న విపానా, పెద్ద విపానా?

"నిశ్శబ్దం! సభ మొదలైంది!"

హెడ్డా చెక్క సుత్తితో బల్ల మీద ఠక్ ఠక్ ఠక్‌మని కొట్టింది. నిజానికి ఒక్కసారి కొడితే చాలు. కానీ సుత్తి చేతికొచ్చిన రోజు హెడ్డా ఒక్కసారితో ఆపదు.

స్వీడన్‌లోని కల్మార్ ఊళ్లో ఒక స్కూలు వెనకాల పసుపురంగు మేడ ఉంది. బడి వదిలాక, అమ్మానాన్నలు పనినుంచి వచ్చేదాకా పిల్లలు అక్కడ క్లబ్బులో ఉంటారు. క్లబ్బులో ఏ సంగతి తేల్చుకోవాలన్నా పిల్లల సభ పెట్టాలి, చేతులెత్తి ఓటు వెయ్యాలి. క్లబ్బు చూసుకునే యోరన్ మూల కుర్చీలో కూర్చుని సాక్సు అల్లుకుంటాడు. సభ జరుగుతున్నంతసేపూ నోరు విప్పడు.

ఆవేళ తేల్చుకోవాల్సిన సంగతి మామూలుది కాదు. క్లబ్బులో ఉన్న పాత డీవీడీ ప్లేయర్ పాడైపోయింది. మరి శుక్రవారం సినిమా సంగతేంటి? కొత్త స్ట్రీమింగ్ బాక్సు కొందామన్నాడు యోరన్. దాన్ని టీవీకి తగిలిస్తే చాలు, ఇంటర్నెట్‌లోంచి సినిమాలు వచ్చేస్తాయి. దాని పేరు విపా. అందులో చిన్న విపా, పెద్ద విపా అని రెండు రకాలున్నాయి. ఏది కొనాలో కనుక్కురమ్మని హెడ్డాకి అప్పగించారు. అప్పగించారనడం కన్నా హెడ్డాయే లాక్కుందనడం సబబు.

హెడ్డాకి పదేళ్లు. నాలుగో క్లాసు. తనకి తెలియని విషయం ఉండదు. ఉన్నా ఒప్పుకోదు.

"నేను నెట్‌లో రివ్యూలన్నీ చదివాను," అంది గొంతు సవరించుకుని. "కొన్నవాళ్లు ఏమంటున్నారో వినండి. ఒకాయన అంటాడూ, 'బొమ్మ రెండింట్లోనూ ఒకటే, పెద్దదానికి అంత డబ్బెందుకు పొయ్యాలి?' అని. ఇంకొకావిడ అంటుందీ, 'పెద్దదాని రిమోట్ కనపడకపోతే అదే కీచుమని అరుస్తుంది, మా కుక్క అది ఎలకనుకుని నమిలేసింది' అని."

పిల్లలు పగలబడి నవ్వారు. హెడ్డాకి హుషారొచ్చింది.

"ఇంకోటి వినండి! పెద్దదాని రిమోట్‌లో బటన్లు చీకట్లో వెలుగుతాయట. 'రాత్రంతా దెయ్యంలా నన్నే చూస్తోంది' అని రాశాడొకడు. చివర్లో ఇంకేదో ఉంది, ధ్వని నేరుగా అందే సదుపాయం అట. దాని గురించి ఒక్కరంటే ఒక్కరు కూడా రాయలేదు. అంటే ఎవరికీ అక్కర్లేదన్నమాటే."

హెడ్డా పక్కన కూర్చున్న సమీరా, "అసలు దానర్థం ఏంటే?" అని గుసగుసగా అడిగింది.

"ఏదో ఒకటిలే," అంది హెడ్డా. అంటే తనకీ తెలియదని.

వెనకనుంచి ఎవరో చెయ్యెత్తారు. "ప్రశ్నలు చివర్లో!" అని సుత్తి కొట్టేసింది. ఆ తర్వాత అసలు బాణం వదిలింది.

"చిన్న విపా కొంటే డబ్బు మిగులుతుంది. ఆ మిగిలినదాంతో పాప్‌కార్న్ మిషన్ కొనుక్కోవచ్చు. ఎర్రది. చక్రాలున్నది!"

ఇంక ప్రశ్నలెవరు అడుగుతారు? చేతులు లేచిపోయాయి. ఆరేళ్ల విగ్గో రెండు చేతులూ ఎత్తేశాడు. యోరన్ కూడా అల్లిక ఆపి మిషన్ ఫోటో చూశాడు. చిన్న విపా గెలిచింది. బాక్సు ఈ వారం, పాప్‌కార్న్ మిషన్ వచ్చే వారం అని తేలింది.

*

శుక్రవారం వచ్చింది. బయట వాన. నాలుగింటికే చీకటి పడిపోయింది. సోఫాల మీదా దిండ్ల మీదా పిల్లలు ఎక్కడివాళ్లక్కడ వాలిపోయారు. మిషన్ ఇంకా రాలేదు కాబట్టి ప్రస్తుతానికి దుకాణంలో కొన్న పాప్‌కార్న్ పొట్లాలు పంచారు.

హెడ్డా చిన్న విపాని తనే టీవీకి తగిలించింది. తెర మీద సినిమా మొదలైంది. ముసలి పడవ కెప్టెన్, అతని దగ్గర మాట్లాడే మేక. బొమ్మ అద్దంలా ఉంది. హెడ్డా ఛాతీ రెండింతలైంది.

గర్వం ఒకచోట కూర్చోనివ్వదు కదా. హెడ్డా సినిమా చూడ్డం మానేసి, చూస్తున్నవాళ్లని చూడ్డం మొదలుపెట్టింది. మేక నోరు తెరిచినప్పుడల్లా అందరూ నవ్వుతున్నారు. విగ్గో అయితే నవ్వి నవ్వి దిండు మీంచి దొర్లిపోయాడు. "ఎలా ఉంది నా బాక్సు?" అని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడిగింది. "అయిదు స్టార్లు! ఇంక జరుగు, తెర కనపడట్లేదు!" అన్నారు.

అప్పుడు ఇవార్ కనిపించాడు.

ఇవార్ హెడ్డా క్లాసే. ఫుట్‌బాల్ గోల్ దగ్గర నిలబడ్డాడంటే బంతి లోపలికి పోదు. రెండు చెవుల వెనకా నీలంరంగు చెవి మిషన్లు పెట్టుకుంటాడు. అవి ఎంతకాలంగానో ఉన్నాయి కాబట్టి వాటిని ఎవరూ పట్టించుకోరు.

మేక ఏదో అంది. అందరూ ఘొల్లుమన్నారు. ఇవార్ మాత్రం తల తిప్పి పక్కవాళ్ల ముఖాలు చూశాడు. చూశాక నవ్వాడు.

హెడ్డాకి అదోలా అనిపించింది. ఇంకోసారి చూసింది. మళ్లీ అంతే. ముందు అందరూ నవ్వుతారు, ఆ తర్వాత ఇవార్ నవ్వుతాడు. కాసేపటికి అతను లేచి, ఎవరికీ అడ్డురాకుండా వంగి నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

హెడ్డాకి కోపం వచ్చింది. ఇంత మంచి బాక్సు తెస్తే మధ్యలో లేచిపోతాడా? వెనకాలే వెళ్లింది. ఇవార్ వసారాలో బెంచీ మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు.

"ఏం రా, నచ్చలేదా?"

"బాగుంది."

"బాగుంటే బయటికెందుకొచ్చావ్? సరే, మేక ఏమందని అందరూ నవ్వారో చెప్పు చూద్దాం."

 ఇవార్ బూటు తాడు ముడేసి, మళ్లీ విప్పి, మళ్లీ ముడేశాడు.

"నాకు వినపడలేదు," అన్నాడు చివరికి.

"టీవీ సౌండ్ పెంచమని అడగొచ్చు కదా!"

"సౌండ్ పెంచితే అన్నీ పెరుగుతాయి హెడ్డా. ఈ మిషన్లు అన్నింటినీ పెద్దగా చేస్తాయి. నీ పక్కన ఎవరైనా పాప్‌కార్న్ నమిలితే నీకు కరకరమని వినిపిస్తుంది. నాకు గదిలో అందరి పాప్‌కార్నూ ఒకేసారి వినిపిస్తుంది. ఆ గోలలో మేక మాట ఎక్కడ దొరుకుతుంది? ఈ సినిమాకి కింద అక్షరాలు కూడా లేవు."

హెడ్డా వెళ్లి బెంచీ మీద అతని పక్కన కూర్చుంది.

"మా ఇంట్లో పెద్ద విపా ఉంది," అన్నాడు ఇవార్. "అందులోంచి సౌండ్ తిన్నగా నా చెవి మిషన్లలోకి వచ్చేస్తుంది. మధ్యలో ఏ గోలా ఉండదు. సభలో ఎవరికీ అక్కర్లేదని కొట్టిపారేశావే, చివరిది, అదే అది."

"మరి సభలో చెప్పాలిగా!"

"చెయ్యెత్తాను. ప్రశ్నలు చివర్లో అన్నావు. చివర్లో పాప్‌కార్న్ మిషన్ వచ్చింది."

ఇవార్ కోపంగా అనలేదు. కోపంగా అనుంటే హెడ్డా తిరిగి ఒకటి అనేదే, ఆ విద్యలో తనని మించినవాళ్లు లేరు. కానీ అతను మామూలుగా అన్నాడు. చెవులు వేడెక్కాయి. చాలా సిగ్గేసింది. ఊరూపేరూ తెలియనివాళ్ల రివ్యూలన్నీ చదివింది గానీ, రోజూ ఒకే బల్ల దగ్గర తనతో కూర్చుని అన్నం తినే ఇవార్‌ని ఒక్క మాట అడగలేదు.

"ఇప్పుడేం చేద్దాం?" అంది చిన్న గొంతుతో.

"ఏం చేస్తాం? అందరికీ పాప్‌కార్న్ మిషన్ కావాలి. ఇప్పుడు నా వల్ల పోయిందంటే విగ్గో నన్ను తినేస్తాడు." ఇవార్ బంతి తీసుకుని వానలోకి వెళ్లిపోయాడు.

*

సోమవారం బడి వదలగానే హెడ్డా యోరన్ దగ్గరికి పరిగెత్తింది.

"చిన్న విపాని వెనక్కిచ్చేసి పెద్దది తెచ్చుకోవచ్చా?"

"రసీదు ఉంది. ఇంకా గడువుంది. మార్చిస్తారు," అన్నాడు యోరన్. "కానీ ఎందుకు?"

హెడ్డా అంతా చెప్పింది. యోరన్ అల్లిక ఒళ్లో పెట్టేసుకుని గడ్డం గోక్కున్నాడు.

"ఇది నాకూ తట్టలేదు చూడు. నేనూ ఆ ఎర్ర మిషన్ వైపే చూస్తూ కూర్చున్నాను. సరే, ఓటేసి తేల్చినది మళ్లీ ఓటుతోనే మార్చాలి. పెద్దది కొంటే పాప్‌కార్న్ మిషన్ ఉండదు. ఆ మాట పిల్లలకి నువ్వే చెప్పగలవా?"

"చెప్తాను," అంది హెడ్డా. 

ముందు ఇవార్‌ని వెతికి పట్టుకుంది. "సభ పెట్టిస్తున్నాను. నీ చెవుల సంగతి నేను చెప్పనా, నువ్వు చెప్తావా? అసలు చెప్పొద్దంటావా?"

 "నా చెవులు నావి. నేనే చెప్తా," అన్నాడు ఇవార్.

సభలో హెడ్డా సుత్తిని సమీరా చేతికిచ్చేసింది. అది చూసి పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు.

"నేను తప్పు బాక్సు కొనిపించాను," అంది హెడ్డా నిలబడి. "అది మంచి బాక్సే. కానీ మన క్లబ్బుకి సరిపోయేది కాదు. పెద్దది తెచ్చుకుందాం. అప్పుడు పాప్‌కార్న్ మిషన్ రాదు."

"రాదా!" విగ్గో లేచి నిలబడ్డాడు. కింది పెదవి వణికింది. "నువ్వే తెస్తానన్నావ్! చక్రాలుంటాయన్నావ్!"

"అన్నాను," అంది హెడ్డా. "మాట తప్పుతున్నాను. తిట్టాలంటే నన్ను తిట్టు."

"హెడ్డా అబద్ధాలకోరు!" అని వెంటనే తిట్టేశాడు విగ్గో. వెనకనుంచి ఇంకో ఇద్దరు వంతపాడారు. హెడ్డాకి కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ కూర్చోలేదు.

అప్పుడు ఇవార్ లేచాడు. శుక్రవారం తనకి ఏం వినిపించిందో, ఏం వినపడలేదో చెప్పాడు. ఎక్కువసేపు మాట్లాడలేదు. 

"ఇప్పుడు నా మాట వినిపిస్తోందా?" అని అనుమానంగా అడిగాడు విగ్గో.

"నువ్వు అరిస్తే కల్మార్ మొత్తానికి వినిపిస్తుంది," అన్నాడు ఇవార్.

అందరూ నవ్వారు. విగ్గోకి కూడా నవ్వాగలేదు.

"పాప్‌కార్న్‌కి మిషనే ఎందుకు?" అంది సమీరా సుత్తి తిప్పుతూ. "మా అమ్మ గిన్నెలో నూనె పోసి, గింజలేసి మూత పెడుతుంది. వంటగది మనకీ ఉందిగా. మూత నేను పట్టుకుంటా."

"మూత నేను!" అన్నాడు విగ్గో.

ఓట్లేశారు. పెద్ద విపా గెలిచింది. ఆఖరి బెంచీలో కొన్ని చేతులు లేవలేదు. వాళ్లకి ఆ ఎర్ర మిషన్ మీద మనసు పోలేదు మరి. విగ్గో మాత్రం ఈసారి ఒక్క చెయ్యే ఎత్తాడు, కానీ బాగా పైకెత్తాడు.

*

మర్నాడు యోరన్, హెడ్డా, ఇవార్ బస్సెక్కి ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్లారు. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి చిన్న విపాని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పాడైందా?"

"లేదు, బాగానే ఉంది," అంది హెడ్డా. "మేమే ఎవరికేం కావాలో కనుక్కోకుండా కొనేశాం."

ఆ అమ్మాయి నవ్వి పెద్దది తీసి బల్ల మీద పెట్టింది. బిల్లు కొట్టబోయింది.

"ఆగండి," అంది హెడ్డా. "రివ్యూలు నేను చదివాను. అవి చాలవు. ముందు ఇవార్ విని చూడాలి. వాడు బాగుందంటేనే కొంటాం."

దుకాణం గోడకి పెద్ద టీవీ ఉంది, దానికి పెద్ద విపా తగిలించి ఉంది. దుకాణంలో గోల లేకుండా టీవీ సౌండ్ కట్టేసి ఉంచారు. ఆ అమ్మాయి మెనూలో వెతికింది. ఇవార్ ఫోన్‌లో ఏదో నొక్కాడు. తెర మీద చిన్న చెవి బొమ్మ వెలిగింది.

ఏదో సినిమా నడుస్తోంది. లావుపాటి పోలీసు, సైకిల్ మీద ఒక బామ్మ. ఇద్దరూ చేతులు ఊపుకుంటూ పోట్లాడుకుంటున్నారు. హెడ్డాకి పెదాలు కదలడం తప్ప ఏమీ వినిపించలేదు. యోరన్‌కీ అంతే. కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లకీ అంతే.

ఇవార్ తెర వైపే చూస్తున్నాడు. ఎవరి ముఖమూ చూడలేదు. ఉన్నట్టుండి ఫక్కున నవ్వాడు. నిశ్శబ్దంగా ఉన్న దుకాణం మధ్యలో, ఒక్కడే, పొట్ట పట్టుకుని నవ్వాడు. అటు వెళ్తున్నవాళ్లు ఆగి చూశారు.

"ఏమంది? బామ్మ ఏమంది రా?" హెడ్డా అతని చొక్కా లాగింది. "నాకు వినపడట్లేదు, చెప్పు!"

"ఉండు," అన్నాడు ఇవార్ తెర మీంచి చూపు తిప్పకుండా. "ఇంకా చెప్తోంది."

హెడ్డా చొక్కా వదిలేసింది. ఇంకేం మాట్లాడకుండా, అతని పక్కనే నిలబడి, అతను చెప్పేదాకా ఆగింది.